మా హాలుకు స్పీకర్లు కుదిరిన వైనం

కూకట్‌పల్లిలోని అపార్ట్‌మెంటుకు మారిన ఏడాది దీపావళికి, ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా, మూడున్నర అడుగుల ఎత్తున్న టవర్ స్పీకర్ల జతను కొని తెచ్చాను. దుకాణంలో అవి మృదంగాన్ని పలికించిన తీరుకు నేను ఎంతగా ముగ్ధుడినయ్యానంటే, ఆ గది మా హాలుకు రెండింతలు ఉందన్న సంగతి గానీ, దాని గోడల నిండా మెత్తని పలకలు అతికించి ఉన్నాయన్న సంగతి గానీ నా దృష్టికే రాలేదు. పెట్టెలు విప్పి వాటిని నిలబెట్టిన తర్వాత నా భార్య ధర అడగలేదు. "బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి ఎటునుంచి వెళ్ళమంటారు?" అని మాత్రమే అడిగింది.

దారి సమస్య అలా ఉండగా, శబ్దం కూడా నన్ను మోసగించింది. మా హాలు పొడవు 18 అడుగులు, వెడల్పు 12 అడుగులు. నేలంతా నున్నని టైల్స్. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగుల దూరం ఉన్నప్పుడు సుమారు 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఆ గోడల మధ్య నిలిచిపోయి, ఒకచోట ఉబ్బి మరొకచోట పలచబడుతుంది. దానికి తోడు వెనుక రంధ్రమున్న ఆ స్పీకర్లను గోడకు ఆనించి, ఒకదాన్ని మూలకు నెట్టడంతో, దుకాణంలో అంత స్పష్టంగా వినిపించిన మృదంగం మా ఇంట్లో ఖాళీ డ్రమ్మును తట్టినట్టు మోగింది. ఆ మూల ఈశాన్యం కావడంతో అక్కడ బరువు పెట్టకూడదని మా అత్తగారు ఫోనులోనే అభ్యంతరం చెప్పారు. వాస్తు మాట ఎలా ఉన్నా, మూలకు పెడితే ఆ మోత మరింత పెరుగుతుంది కనుక ఆవిడ మాట కాదనడానికి నాకు కారణం దొరకలేదు. దుకాణంవారు సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నారు. చివరికి కొన్న ధరలో మూడోవంతు పోగొట్టుకుని వాటిని ఒక మిత్రుడికి అమ్మాను.

రెండోసారి మాత్రం ముందుగా నా భార్యనే అడిగి, చెప్పినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. స్పీకర్లు టీవీకి రెండు పక్కలా ఉండాలి, గోడకు జానెడు దూరం మించి ముందుకు రాకూడదు, వైర్లు కనిపించకూడదు, రెండేళ్ళ మా అబ్బాయి పట్టుకుని లాగినా పడకూడదు, ముందున్న గుడ్డ తొడుగు తీయకూడదు. మొదట అవి నాకు ఆంక్షల్లాగే కనిపించాయి గానీ, రెండోసారి చదివినప్పుడు ఎలాంటి స్పీకరు కొనాలో ఆ కాగితమే చెబుతోందని అర్థమైంది. వెనుక రంధ్రం లేని మూసిన పెట్టెలో మంద్ర ధ్వనులు మెల్లమెల్లగా తగ్గుతూ పోతాయి. గోడ దగ్గరగా ఉండడం ఆ లోటును కొంతవరకు పూడుస్తుంది. 1970లలో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యాన్లలో వాడుకోవడానికి రూపొందించిన ఎల్‌ఎస్ 3/5ఏ అలాంటి చిన్న మూసిన పెట్టే, మనిషి గొంతును ఉన్నదున్నట్టు వినిపించడంలో దానికి నేటికీ పేరుంది. దాని ధర మాకు అందేది కాదు గానీ, ఆ తరహా స్పీకర్లనే వెతికాను. ఇలాంటివాటి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి అవి చేసే శబ్దం, తక్కువ. అది 3 డెసిబెల్స్ తగ్గితే అదే శబ్దానికి యాంప్లిఫైయర్ రెట్టింపు శక్తి ఇవ్వాలి. మా హాలుకు అంత మోత అవసరం లేదు కనుక దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

ఈసారి దుకాణంలో విని నిర్ణయించుకోలేదు. ఒక వ్యాపారి బయానా తీసుకుని రెండు జతలను రెండు రోజులపాటు ఇంటికి ఇచ్చాడు. స్పీకరు చూపుకు భార్యకు ఎంత నచ్చుతుందన్నదాన్ని ఆడియో అభిమానులు "వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్" అంటూ హాస్యమాడుతుంటారు. భార్యకు కళ్ళే గానీ చెవులు ఉండవన్న ఊహ అందులో దాగి ఉంది. మా ఇంట్లో మొదటి జతను కాదన్నది ఆమె చెవులే. వివరాలు ఎంత బాగా వినిపిస్తున్నాయోనని నేను మెచ్చుకుంటున్నంతలో, "ప్రతి 'స' దగ్గరా పళ్ళసందులోంచి గాలి వస్తున్నట్టుంది, అరగంట వింటే తలనొప్పి వస్తుంది" అన్నది. ఆ తర్వాత నాకూ అదే వినిపించసాగింది.

రెండో జతలో ఘంటసాల పాత పాట పెట్టాము. ఆ కాలపు సినిమా పాటలు మోనో రికార్డింగులు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది కనుక, రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చుంటే గొంతు సరిగ్గా మధ్యనుంచి రావాలి. ఎటైనా ఒరిగితే అమరికలో తేడా ఉన్నట్టు. నేను టేపుతో కొలుస్తూ ఎడమ స్పీకరును రెండంగుళాలు జరపగానే ఆమె కళ్ళు తెరిచి, "ఇప్పుడు టీవీలోంచి పాడుతున్నాడు" అన్నది. అక్కడే పెన్సిలుతో నేలమీద గీత గీశాను.

సోఫాలో కూర్చుంటే మా చెవులు నేలకు 38 అంగుళాల ఎత్తున ఉంటాయి. సన్నని ధ్వనులు పలికే ట్వీటరు ఆ ఎత్తుకు వచ్చేలా వడ్రంగి చేత టేకు స్టాండ్లు చేయించి, బోలుగా ఉన్న కాళ్ళలో ఎండు ఇసుక నింపించాను. పిల్లవాడు వేలాడినా అవి కదలలేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మామూలు రాగి వైరును గోడ అంచు పట్టీ వెంబడి పోనిచ్చాము. ఆమె ఎంచుకున్న మందపాటి కర్టెన్లు వేలాడదీశాక చప్పట్ల ప్రతిధ్వని కూడా బాగా తగ్గింది. గుడ్డ తొడుగులు మాత్రం పిల్లవాడు నిద్రపోయాకే తీస్తాను, తెల్లవారేలోపు మళ్ళీ పెట్టేస్తాను.