ఆస్లర్ చూపిన వార్డు

వైద్య విద్యార్థి రోగి మంచం దగ్గరే నేర్చుకోవాలన్న మాట ఇప్పుడు ఎవరికీ కొత్తగా అనిపించదు. అది అంత మామూలు సంగతి కావడానికి విలియం ఆస్లర్ ఎంత పట్టుబట్టారన్న ఆలోచన ఈ రోజంతా నన్ను వదలలేదు.

కెనడాలో 1849లో పుట్టి, 1872లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందిన ఆస్లర్, బాల్టిమోర్‌లో 1889లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వైద్య విభాగానికి తొలి అధిపతి అయ్యారు. మంచం పక్కన బోధించడం యూరప్‌లో అంతకుముందే ఉన్నా, అమెరికాలో చాలామంది విద్యార్థులు ఉపన్యాసాలు వినే పట్టా పుచ్చుకునేవారు. ఆయన మాత్రం చివరి సంవత్సరం విద్యార్థులకు వార్డులో రోగులను అప్పగించి, వ్యాధి చరిత్ర రాయడం, పరీక్షించడం, ప్రయోగశాల పని వారిచేతనే చేయించారు. పట్టా పొందినవారు ఆసుపత్రిలోనే ఉండి శిక్షణ పొందే రెసిడెన్సీ పద్ధతి కూడా అక్కడే వేళ్ళూనుకుంది.

ఈ ఉదయం రౌండ్సులో మా విద్యార్థిని ఒకామె కేస్ షీట్‌లోని అంకెలన్నీ తడుముకోకుండా చెప్పింది. రోగి వేళ్ళు చూశావా అని అడిగితే మాట్లాడలేదు. తర్వాత అతని చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పి, గోళ్ళు గుండ్రంగా ఉబ్బి ఉండటాన్ని, గోరు మొదట్లో ఉండవలసిన పల్లం కనిపించకపోవడాన్ని తానే గుర్తించింది. అలాంటి గోళ్ళు ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తు కావచ్చు. అప్పుడు గాని “దగ్గు ఎన్నాళ్ళనుంచి ఉందండీ?” అని అతన్ని అడగలేదు. నాకు ఎంతో తృప్తి కలిగింది.

పుస్తకాలను ఆస్లర్ ఏనాడూ చిన్నచూపు చూడలేదు. 1892లో ఆయన ఒంటిచేత్తో రాసిన వైద్య పాఠ్యగ్రంథం దశాబ్దాలపాటు ప్రామాణికంగా నిలిచింది. ఎన్నో వ్యాధులకు సరైన మందే లేదని అందులో దాచకుండా రాశారు. 1897లో దాన్ని చదివిన ఫ్రెడరిక్ గేట్స్, తాను సలహాదారుగా ఉన్న అమెరికా కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్‌ను వైద్య పరిశోధనకు ధనం వెచ్చించమని కోరగా, 1901లో ఒక పరిశోధన సంస్థ ఏర్పడింది. తెలియనిదాన్ని తెలియదని రాయగలిగిన ఆ నిజాయితీ, వార్డులో గడిపినవారికే అబ్బుతుందని నా నమ్మకం. అంతటి గ్రంథకర్త తన సమాధిపై ఉండాలని కోరుకున్న మాట మాత్రం, వైద్య విద్యార్థులకు వార్డులలో బోధించానన్నదే.

ఇప్పుడు పరీక్షల ఫలితాలు రోగి కంటే ముందే మన చేతికి వస్తున్నాయి. రేపటినుంచి కేస్ షీట్ తెరవకముందే, విద్యార్థులను కొంతసేపు రోగి దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించాలని నిశ్చయించుకున్నాను. రౌండ్సు ఆలస్యమైనా సరే.