కెమెరా ముందు నా చేతులు

నేను తీసిన మొదటి పాఠం నిడివి నలభై రెండు నిమిషాలు. ఇప్పుడు దాన్ని నేనే నాలుగు నిమిషాలకు మించి చూడలేను. వైరింగ్ నిబంధనల పుస్తకం చేత పట్టుకుని ఒక్కో నిబంధనా చదవడం, చదివినదాన్నే కాస్త నెమ్మదిగా మళ్లీ చెప్పడం. అదే పాఠమనుకున్నాను. ఇరవై ఏళ్లుగా తీగలతో బతికినవాడిని, ఎదురుగా కెమెరా పెట్టేసరికి పంతులుగారినైపోయాను.

ఆ వీడియో చూసి ప్రాక్టికల్‌కు వచ్చిన కుర్రాళ్లను ఒక ప్రశ్న అడిగాను. ఒకే పైపులో మూడు సర్క్యూట్ల తీగలు లాగినప్పుడు తీగ సామర్థ్యాన్ని ఎందుకు తగ్గించి లెక్కకట్టాలి? ఒకతను పట్టిక నంబరు చెప్పాడు. ఇంకొకతను 0.70తో గుణించాలన్నాడు. రెండూ సరైనవే. మరి ఎందుకంటే, పుస్తకంలో ఉంది కాబట్టి అన్నారు. వాళ్లననడానికేముంది, నేను చెప్పిందీ అంతే కదా.

రెండో పాఠానికి పుస్తకం పక్కన పెట్టి, లోపల ఏం జరుగుతుందో కనపడే పారదర్శకమైన పైపు ఒకటి సంపాదించాను. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పీవీసీ తొడుగు, పైపులో ఒక్కటే సింగిల్ ఫేజ్ సర్క్యూటు, చుట్టూ 30 డిగ్రీల వేడి. వైరింగుకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60364 పట్టిక ప్రకారం ఆ తీగ 24 ఆంపియర్లు మోస్తుంది. దానికి 20 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే తెంచేసే బ్రేకరు, పెట్టి నిశ్చింతగా ఉండవచ్చు. అదే పైపులోకి నేను ఇంకో రెండు సర్క్యూట్లు దూర్చాను. ఇప్పుడు ఒకదాని వేడి ఇంకొకదానికి తగులుతుంది, అందుకే ఆ తగ్గింపు: 24ను 0.70తో గుణిస్తే 16.8. పైపు వెళ్లే చోట వేడి 40 డిగ్రీలైతే 0.87తో మరోసారి గుణించాలి. చివరికి మిగిలేది 14.6. అదే తీగ, అదే రాగి. కానీ ఇప్పుడు 20 ఆంపియర్ల ఎంసీబీ దానికి కాపలా కాయలేదు, 16 ఆంపియర్లదీ కాయలేదు. తీగ మరిగిపోతున్నా ఎంసీబీ తన పరిధి ఇంకా దాటలేదని ఊరుకుంటుంది. పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీల వరకే.

తీగల మధ్య ఉష్ణోగ్రత మీటరు కొన దూర్చి, మూడింటికీ లోడు ఇచ్చి, కెమెరాను మీటరు మీదే నిలిపాను. అంకె ఒక్కో డిగ్రీ పైకి పాకుతుంటే నోరు మెదపలేదు. నేను తీసిన పాఠాలన్నిటిలోనూ నాకు నచ్చిన మూడు నిమిషాలు అవే. తీగ ఆ రోజే కాలిపోదు, మోసమంతా అక్కడే ఉంది. తొడుగు ఏళ్ల తరబడి గట్టిపడుతూ, పెళుసెక్కుతూ ఎప్పుడో ఒకనాడు చిట్లుతుంది. అప్పటికి ఆ తీగ లాగినవాడికి ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా గుర్తుండదు.

తెలుగులో చెప్పడం మొదలుపెట్టాక ఇంకో చిక్కు తెలిసింది. ఇంగ్లీషు నిబంధనల్లో తప్పనిసరికి ఒక క్రియ, సలహాకు వేరే క్రియ వాడతారు. ఆ రెండింటి మధ్య తేడా మీద తనిఖీలో ఒక పని నిలుస్తుంది, లేదా కూలుతుంది. మన 'చేయాలి' ఆ రెంటినీ మింగేస్తుంది. 'ఎర్త్ తీగ వేయాలి' అన్నా 'డీబీ (బ్రేకర్లుండే పెట్టె) మీద సర్క్యూట్ల పేర్లు చక్కగా రాయాలి' అన్నా వినేవాడి చెవికి ఒకటే బరువు. అందుకని నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. తప్పనిసరి అయితే 'వేసి తీరాలి', సలహా అయితే 'వేయడం మంచిది'. ఒట్టి 'వేయాలి' మాట నా పాఠాల్లో నిషేధం. మాట్లాడేటప్పుడు రోజుకు పదిసార్లు జారుతుంది, పదిసార్లూ మళ్లీ రికార్డు చేస్తాను.

నిబంధనల నంబర్లను నోటితో చెప్పడం కూడా మానేశాను. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 1897లో మొదలైంది, ఇప్పుడు మూడేళ్లకోసారి కొత్త కూర్పు వస్తుంది. మిగతా దేశాల పుస్తకాలూ వాటి వాటి లెక్కన మారుతూనే ఉంటాయి. వేడికి తొడుగు పాడవుతుందన్న మాట మారదు, దాని పక్కనున్న నంబరు మారుతుంది. అందుకే కారణం నా గొంతులో ఉంటుంది, నంబరూ కూర్పు సంవత్సరమూ తెర అడుగున పట్టీలో ఉంటాయి. కొత్త పుస్తకం వచ్చినప్పుడు పట్టీ మార్చితే సరిపోతుంది.

ఇక నా తప్పుల సంగతి. కరెంటు లీకైతే తెంచేసే ఆర్‌సీసీబీ మీద చేసిన పాఠంలో నేను నిండు నమ్మకంతో ఒక మాటన్నాను: 'ఇది మనిషి ఒంట్లోంచి 30 మిల్లీఆంపియర్లకు మించి పోనివ్వదు.' ఆ వీడియో చూసిన ఒక పెద్దాయన, నాకన్నా చాలా ముందునుంచి ఈ పనిలో ఉన్నవారు, ఫోను చేసి మెల్లగా అడిగారు: 'బాబూ, ఆ పెట్టెలో కరెంటును ఆపే ఆనకట్ట ఏదైనా ఉందా?' లేదు. ఫేజులో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదీ పోల్చి చూసి, తేడా హద్దు దాటితే తెంచేయడమే దాని పని. ఎంత కరెంటు పోతుందన్నది వోల్టేజీ, ఒంటి నిరోధం తేల్చుకుంటాయి. 230 వోల్టులు, 1500 ఓములు అనుకుంటే 150 మిల్లీఆంపియర్లు దాటుతుంది. ఆ మోతాదు దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 0.04 సెకనులోపు తెంచితీరాలని ప్రమాణం. అది తగ్గించేది కరెంటును కాదు, కాలాన్ని. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, నేలతో ఏ సంబంధమూ లేకుండా నిలబడినవాడు దాని కంటికి ఇంకో బల్బు మాత్రమే. తేడా లేదు కాబట్టి తెంచదు. ఆ పాఠం తీసేశాను, మళ్లీ చేశాను. అప్పటికే చూసినవాళ్ల బుర్రలోంచి ఎలా తీయాలో మాత్రం తెలియలేదు.

రెండో తప్పు మాటలో లేదు. సాకెట్ మార్చే పాఠం చిత్రీకరించినప్పుడు పద్ధతి ప్రకారమే చేశాను. సర్క్యూటు గుర్తించి, ఆపి, బ్రేకరుకు తాళం వేసి, చీటీ తగిలించాను. తర్వాత రెండు కొనల టెస్టరును ముందుగా కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, అది పనిచేస్తోందని చూశాను. అప్పుడు సాకెట్ తీగల మీద ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడు జతలూ చూసి, చివరికి టెస్టరును మళ్లీ తెలిసిన చోటికి తీసుకెళ్లి అది ఇంకా బతికే ఉందని నిర్ధారించుకున్నాను. వీడియోలు కూర్చేది మా అమ్మాయి. టెస్టరు రెండుసార్లు అటూ ఇటూ తిరగడం తనకు సాగతీతగా అనిపించి, యాభై సెకన్లు కత్తిరించింది. పూర్తయిన వీడియో నేనూ చూశాను. నా గొంతు అన్నీ చెబుతోంది కదా అని ఊరుకున్నాను.

రెండు వారాల తర్వాత ప్రాక్టికల్‌లో ఒక కుర్రాడు సాకెట్ విప్పాడు. టెస్టరు తీగకు ఆనించాడు. వెలగలేదు. చేయి పెట్టబోయాడు. మణికట్టు పట్టుకుని ఆపాను. 'టెస్టరే పాడైపోయి ఉంటే?' అన్నాను. వాడు అమాయకంగా, 'మీరూ వీడియోలో ఇలాగే చేశారు కదా సార్' అన్నాడు. ఆ బోర్డులో కరెంటు లేదు, ఏమీ కాలేదు. కానీ ఇళ్లలో బోర్డులు అలా ఉండవు. ఎవరో ఎప్పుడో రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిపేసి ఉంటారు. ఒక బ్రేకరు ఆపి ఆ న్యూట్రల్ జాయింటు విప్పామంటే, పక్క సర్క్యూటులో వెలుగుతున్న దీపం మీదుగా కరెంటు ఆ విప్పిన కొసకు వచ్చి కూర్చుంటుంది. జాయింటు విప్పకముందు చూస్తే టెస్టరుకు ఏమీ చిక్కదు, విప్పాక ఇంకోసారి చూడాలి. ఆ ఇంకోసారి అలవాటుండేది మొదటిసారి టెస్టరును అనుమానించడం నేర్చుకున్నవాడికే.

వాడి తప్పేమీ లేదు. వాడు నా మాట వినలేదు, నా చేతులు చూశాడు. నేనూ మా మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నది అలాగే. ఆయన ఏం చెప్పారో సగం గుర్తులేదు. స్క్రూ బిగించాక తీగను ఒకసారి గట్టిగా లాగి చూసేవారు. ఇప్పటికీ ఆ లాగడం నా వేళ్లలో ఉంది.

ఆ రాత్రే పాత వీడియోలన్నీ ధ్వని తీసేసి చూశాను. రెండు చోట్ల కళ్లద్దాలు లేకుండా గోడకు డ్రిల్లు పెట్టాను. ఒక చోట ఎర్త్ తీగను చివర్లో కలిపాను, మొదట కలిపితీరాలని అదే వీడియోలో చెబుతూ. ఇప్పుడు ప్రతి వీడియోనూ విడుదలకు ముందు ఒకసారి మూగగా చూడడం అలవాటు చేసుకున్నాను.

ఆ యాభై సెకన్లు అన్ని పాఠాల్లోకీ తిరిగొచ్చాయి. చాలామంది సరిగ్గా అక్కడే ముందుకు జరిపేస్తున్నారని మా అమ్మాయి లెక్కలు చూపిస్తుంది. పోనీ అక్కడ సంగీతమైనా పెడదాం నాన్నా అంటుంది. వద్దంటున్నాను. ఇంకా తేలలేదు.