పదహారు బటన్ల శాంపిల్ ప్యాడ్: మ్యాట్రిక్సూ వద్దు, డయోడ్లూ వద్దు

బరాత్‌లో సైరనో, హారనో, తీన్‌మార్ దరువో సమయానికి పడాలంటే మౌసుతో అయ్యే పని కాదు. ట్రాలీ ఒక ఊపు ఊగితే చాలు, కర్సర్ ఎక్కడికో పోతుంది. అందుకు శాంపిల్ ప్యాడ్ కావాలి, అంటే ఒక్కో బటన్ నొక్కితే ల్యాప్‌టాప్‌లో దాచిన ఒక్కో చిన్న శబ్దాన్ని (శాంపిల్) మోగించే డబ్బా. కంపెనీ ప్యాడ్ కొనాలంటే వేలల్లో మాట. సొంతంగా కట్టుకుంటే సామాను చాలా తక్కువలో తేలిపోతుంది.

బోర్డుతో మొదలుపెడదాం. ఇంట్లో ఆర్డుయినో ఊనో (కోడ్ ఎక్కించి వాడే చిన్న సర్క్యూట్ బోర్డు) పడి ఉంది కదా అని దాన్ని వాడకండి. ఊనో ఆర్3 దాకా వచ్చిన వాటిలో ప్రధాన చిప్ యూఎస్‌బీతో నేరుగా మాట్లాడలేదు. ల్యాప్‌టాప్‌కి అది సీరియల్ పోర్టులాగే కనిపిస్తుంది, మిడీ పరికరంలా (మిడీ అంటే వాయిద్యాలూ కంప్యూటరూ మాట్లాడుకునే భాష) కనిపించాలంటే మధ్యలో ఇంకో రెండు సాఫ్ట్‌వేర్లు నడపాలి. ఊరేగింపు మధ్యలో వాటిలో ఒకటి ఆగిందంటే అంతే సంగతులు. కావలసింది ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న ప్రో మైక్రో, 5 వోల్టుల 16 మెగాహెర్ట్జ్ రకం. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, మిగతా ఊళ్లవాళ్లకి ఆన్‌లైనే దిక్కు.

నెట్‌లో ఏ డయాగ్రామ్ చూసినా పదహారు బటన్లంటే నాలుగు నిలువు, నాలుగు అడ్డం మ్యాట్రిక్సే కనిపిస్తుంది, అంటే ఒక్కో వరసలోని బటన్లన్నీ ఒకే వైరుని పంచుకునే అమరిక. డయోడ్ అంటే కరెంటుని ఒకే దిక్కుకి పోనిచ్చే చిన్న భాగం. డయోడ్లు లేకుండా మ్యాట్రిక్స్ కడితే, ఒక చతురస్రం మూడు మూలల్లో ఉన్న బటన్లు ఒకేసారి నొక్కినప్పుడు నాలుగో మూలది నొక్కకపోయినా మోగుతుంది. కరెంటు ఆ మూడింటి గుండా వెనక్కి తిరిగి దారి వెతుక్కుంటుంది మరి. అది ఆపడానికి బటన్‌కో 1ఎన్4148 డయోడ్, అంటే పదహారు డయోడ్లు, ముప్ఫై రెండు అతుకులు. ఒక్కటి తిరగేసి అతికినా ఆ బటన్ పలకదు. ఇదంతా అక్కర్లేదు. ప్రో మైక్రోకి బయటికి వచ్చే పిన్నులే 18 ఉన్నాయి: 0 నుంచి 10 దాకా పదకొండు, 14, 15, 16, ఆపైన ఏ0 నుంచి ఏ3 దాకా నాలుగు. బటన్‌కో పిన్ను చొప్పున పదహారు ఇచ్చినా ఏ2, ఏ3 మిగులుతాయి, రెండు నాబ్‌లకి సరిగ్గా సరిపోతాయి. ఇరవై నాలుగో ముప్ఫై రెండో బటన్లు కావాలన్నప్పుడు మ్యాట్రిక్స్ గురించి ఆలోచిద్దాం. ఒక్క మెలిక ఉంది: బోర్డు మూలన టీఎక్స్ఓ అని రాసి ఉన్నది 1వ పిన్ను, దాని పక్కన ఆర్ఎక్స్ఐ అన్నది 0. చాలామంది తారుమారు చేసేది ఇక్కడే.

వైరింగ్ ఇంతే: ప్రతి బటన్‌కీ ఒక కాలు దాని పిన్నుకి, రెండో కాలు గ్రౌండ్‌కి. విడిగా రెసిస్టర్ వద్దు, చిప్‌లోపలి పులప్‌ని (నొక్కనప్పుడు పిన్నుని ఒకటి దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) కోడ్‌లో ఆన్ చేస్తే చాలు. అప్పుడు నొక్కినప్పుడు సున్నా, వదిలినప్పుడు ఒకటి వస్తుంది. ఇది మరిచి కోడ్ రాస్తే వేలు తీసినప్పుడు సైరన్ మోగుతుంది. గ్రౌండ్ వైరు ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి గొలుసులా లాక్కుంటూ పోయి, చివరి బటన్ దగ్గర ఆపకుండా మళ్లీ బోర్డు గ్రౌండ్‌కే కలపండి. గొలుసు మధ్యలో ఒక అతుకు ఊడితే ఆ తర్వాతి బటన్లన్నీ పోతాయి. చుట్టు తిప్పి కలిపితే కరెంటుకి రెండో వైపు నుంచి దారి ఉంటుంది. బటన్ కాళ్లకి టంకం వేసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ రెండు మూడు సెకన్లకి మించి ఆనించవద్దు. ప్లాస్టిక్ మెత్తబడి కాలు వంగిందంటే లోపలి మైక్రోస్విచ్ టిక్కుమనడం మానేస్తుంది. గుచ్చే లగ్గులు దొరికితే మరీ మంచిది, కాకపోతే కాలి వెడల్పు 2.8 మిల్లీమీటర్లా 4.8ఆ అని కొలిచి కొనండి.

కోడ్‌కి మిడీయూఎస్‌బీ లైబ్రరీ, బోర్డుల జాబితాలో ఆర్డుయినో లియోనార్డో. ఒక్కో సందేశం నాలుగు అంకెలు: నొక్కితే 9, 144, నోట్ నంబరు, 127, వదిలితే 8, 128, అదే నోట్, 0. నోట్లు 36 నుంచి 51 వరకు ఇస్తే డ్రమ్ ప్యాడ్‌ల ఆనవాయితీకి సరిపోతుంది. పంపాక ఫ్లష్ (నిలిచిన సందేశాన్ని బయటికి నెట్టే ఆజ్ఞ) పిలవడం మరిచిపోతే సందేశం బోర్డులోనే కూర్చుంటుంది. కోడ్ అంతా సరిగ్గానే ఉంది, శబ్దం మాత్రం లేదు అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

బటన్ లోపలి రేకులు తగలగానే నిలవవు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి తగులుతాయి. పట్టించుకోకపోతే ఒక్క నొక్కుకి హారన్ మూడుసార్లు తడబడుతూ మోగుతుంది. మామూలుగా చెప్పే పరిష్కారం: సంకేతం 10 మిల్లీసెకన్లు నిలకడగా ఉందా అని చూసి అప్పుడు పంపడం. సంగీతానికి అది పనికిరాదు, ఆ పదీ ఆలస్యంగా కలుస్తాయి. మొదటి తాకిడికే నోట్ పంపేయండి, ఆ తర్వాత 10 మిల్లీసెకన్లు ఆ పిన్ను వైపు చూడకండి. తడబాటు పోతుంది, ఆలస్యం ఉండదు.

నాబ్‌లకి బి10కె పొటెన్షియోమీటర్లు (తిప్పితే వోల్టేజీ మారే భాగాలు). ఏ10కె తీసుకుంటే తిప్పినంత సేపూ ఏమీ కదలదు, చివర్లో ఒక్కసారిగా ఎగుస్తుంది, అది లాగ్ రకం. చివరి కాళ్లు రెండూ వీసీసీకి (బోర్డు 5 వోల్టుల పిన్ను), గ్రౌండ్‌కి; మధ్య కాలు ఏ2కి లేదా ఏ3కి. బోర్డు చదివేది 0 నుంచి 1023, మిడీకి కావలసింది 0 నుంచి 127, కాబట్టి ఎనిమిదితో భాగించండి. ముడి అంకె కనీసం ఎనిమిది మారితే తప్ప పంపవద్దు, లేకపోతే ఎవరూ ముట్టకపోయినా వాల్యూమ్ 63కీ 64కీ మధ్య వణుకుతూ ఉంటుంది.

డబ్బాకి కరెంటు పనివాళ్లు వాడే పీవీసీ బాక్స్ భేషుగ్గా ఉంటుంది, 6 బై 8 అంగుళాలు, లోతు 2 అంగుళాలకి తగ్గకుండా. 24 మిల్లీమీటర్ల ఆర్కేడ్ బటన్లని మధ్య నుంచి మధ్యకి 32 మిల్లీమీటర్ల దూరంలో పెడితే నాలుగు వరసలు 120 మిల్లీమీటర్లలో సర్దుకుంటాయి. రంధ్రాలకి మెట్లమెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ బిట్ వాడండి. మామూలు బిట్‌తో మొదలుపెట్టి ఆకురాయితో పెద్దది చేస్తే బటన్ వదులుగా తిరుగుతుంది. స్టీల్ డబ్బా చూడ్డానికి బాగుంటుంది గానీ ఒక వైరు లోపల తగిలిందంటే ఆ బటన్ పని అయినట్టే.

ల్యాప్‌టాప్‌లో డీజే సాఫ్ట్‌వేర్ మిక్స్‌ఎక్స్, ఉచితం. ప్రిఫరెన్సుల్లో కంట్రోలర్‌ని ఎనేబుల్ చేసి లెర్నింగ్ విజార్డ్‌తో ఒక్కో బటన్‌కి ఒక్కో శాంప్లర్ (ఒక శబ్దం పెట్టుకునే గడి) ముడిపెట్టండి. ప్లే బటన్‌కి ముడిపెట్టొద్దు, రెండోసారి నొక్కితే ఆగిపోతుంది. క్యూ (శబ్దం మొదలుకి పెట్టిన గుర్తు) దగ్గరికి వెళ్లి ప్లే చేసే ఆజ్ఞకి పెడితే ఎన్నిసార్లు కొట్టినా మొదటి నుంచి మోగుతుంది.

అన్నీ కుదిరాక కూడా శబ్దం వెనకబడి వస్తోందంటే తప్పు ప్యాడ్‌ది కాదు, ఆడియో బఫర్‌ది, అంటే స్పీకర్‌కి పంపేముందు ల్యాప్‌టాప్ కొంత శబ్దాన్ని పోగేసే చోటు. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల (ఇక్కడ శాంపిల్ అంటే శబ్దపు ఒక్క కొలత) బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8. విండోస్‌లో మిక్స్‌ఎక్స్ సౌండ్ సెట్టింగుల్లో ఎంఎంఈ అనే పాత ఆడియో దారి వదిలి వసాపీకి మారి, బఫర్ ఒక్కో మెట్టు దింపండి. చిటపటలు మొదలైన చోటు నుంచి ఒక మెట్టు పైకి ఎక్కి ఆగండి.

శాంపిళ్లు ఎంపీ3లో పెట్టకండి, ఆ ఎన్‌కోడింగ్ ఫైలు మొదట్లో కాస్త నిశ్శబ్దం కలుపుతుంది. వేవ్ ఫైలుగా ఉంచి, ఆడాసిటీ అనే శబ్దం కత్తిరించే సాఫ్ట్‌వేర్‌లో అల మొదలయ్యే చోటు దాకా ముందు భాగం కోసేయండి. పాట పూర్తి స్థాయిలో నడుస్తుంటే దాని మీద సైరన్ పడినప్పుడు స్పీకర్ చీలినట్టు వస్తుంది, శాంప్లర్ గెయిన్ (శబ్ద స్థాయి) ఒక 6 డెసిబెల్స్ దించి పెట్టుకోండి. తీన్‌మార్ లూప్‌లకి బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు) సాఫ్ట్‌వేర్ చెప్పింది నమ్మవద్దు. మూడు దెబ్బల నడకని అది నాలుగులో కొలిచి తరచూ తప్పు అంకె ఇస్తుంది. ట్యాప్ చేసి మీరే సరిచేసుకున్నాక సింక్ (పాట వేగానికి కలిపే బటన్) నొక్కండి.

ల్యాప్‌టాప్ ప్యాడ్‌ని గుర్తించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, ఛార్జింగ్‌కే పనికొచ్చే వాటిలో డేటా తీగలు ఉండవు. తప్పుడు బోర్డు పేరుతో కోడ్ ఎక్కించాక బోర్డు మాయమైతే కంగారు పడొద్దు. ఆర్ఎస్‌టీ (రీసెట్) పిన్నుని గ్రౌండ్‌కి గబగబా రెండుసార్లు తాకించండి, బూట్‌లోడర్ (కొత్త కోడ్ అందుకునే ప్రోగ్రాం) ఎనిమిది సెకన్లు మేలుకుంటుంది, ఆ లోపు సరైన కోడ్ ఎక్కించాలి.

ప్రో మైక్రోలో అన్నిటికన్నా బలహీనమైనది దాని మైక్రో యూఎస్‌బీ సాకెట్. ఎవరి కాలో తగిలి కేబుల్ లాగితే రాగి పట్టీతో సహా పెచ్చులా ఊడి వస్తుంది, మళ్లీ అతకడం కుదరదు. కేబుల్‌ని డబ్బా లోపలే ఒక చుట్టు తిప్పి జిప్ టైతో బిగించండి, సాకెట్ చుట్టూ ఎపాక్సీ పుయ్యండి. బోర్డుని నేరుగా అతకకుండా ఫిమేల్ హెడర్లలో (పిన్నులు దిగే సాకెట్లు) గుచ్చి, అదే కోడ్ ఎక్కించిన రెండో బోర్డు డబ్బాలోనే ఓ మూల పడేసి ఉంచండి. మార్చడానికి రెండు నిమిషాలు చాలు.