బొమ్మ ఆటోకు డిఫరెన్షియల్ ఎందుకు?

లెగో బొమ్మల కంపెనీ గేర్లు, ఇరుసులతో సహా అమ్మే టెక్నిక్ ముక్కలతో బళ్లు కట్టేవారిలో చాలామంది రేసు కారునో, క్రేనునో, పెద్ద లారీనో ఎంచుకుంటారు. నేను ఈసారి హైదరాబాదు వీధుల్లో తిరిగే పసుపు ఆటోను ఎంచుకున్నాను. దానికి ముందొక చక్రం, వెనక రెండు చక్రాలు, వెనక సీటు కింద ఇంజను, చేతిలో హ్యాండిలు మాత్రమే ఉంటాయి కనుక నాలుగు చక్రాల కారుకన్నా తేలికగా పూర్తవుతుందని అనుకున్నాను. ఆ అంచనా ఎంత తప్పో తెలుసుకోవడానికి మా వసారాలో ఒక్క మలుపు చాలింది.

ముందుగా కొలతల సంగతి చెప్పాలి. నిజమైన ఆటోకు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా సుమారు 2 మీటర్లు, వెడల్పు సుమారు 1.3 మీటర్లు ఉంటుంది. బీములను, అంటే వరుసగా రంధ్రాలున్న కడ్డీలను, ఎంత పొడవుకైనా అతికించుకోవచ్చు కానీ టైర్లు మాత్రం కంపెనీ పోతపోసిన సైజుల్లోనే దొరుకుతాయి. అందువల్ల నమూనా ఎంత పెద్దదిగా ఉండాలో చివరికి టైరే తేలుస్తుంది. నా డబ్బాలో ఉన్న 43.2 మిల్లీమీటర్ల వ్యాసం గల టైర్లు దాదాపు పదో వంతు లెక్కకు సరిపోయాయి. టెక్నిక్ బీముల్లో ఒక రంధ్రం నడుమ నుంచి పక్క రంధ్రం నడుమకు సరిగ్గా 8 మిల్లీమీటర్లు. ఈ దూరాన్ని నేను గడి అంటాను. ఆ లెక్కన నా ఆటో ఇరుసుల మధ్య 25 గడులు, మొత్తం వెడల్పు 16 గడులు వచ్చాయి.

ఈ గడి ఇరుసుల దూరానికే కాదు, గేర్లకు కూడా హద్దు గీస్తుంది. టెక్నిక్ గేరుకు ఎన్ని పళ్లుంటే దాని వ్యాసాన్ని అన్ని మిల్లీమీటర్లుగా లెక్కపెట్టుకోవచ్చు. 8 పళ్ల గేరు, 24 పళ్ల గేరు కలిస్తే వాటి ఇరుసుల మధ్య దూరం 16 మిల్లీమీటర్లు, అంటే రెండు గడులు. 16 పళ్ల గేర్లు రెండు కలిసినా అంతే, 12కూ 20కీ జత కుదిర్చినా అంతే. అయితే 8కి 16ను జోడిస్తే ఒకటిన్నర గడి, 16కు 24ను జోడిస్తే రెండున్నర గడులు వస్తాయి. అర గడి దగ్గర మామూలు బీములో రంధ్రం ఉండదు కనుక ఇలాంటి జతలకు వేరే ముక్కలతో అదనపు ఏర్పాటు చేసుకోవాలి. కాగితం మీద ఏ నిష్పత్తి అయినా రాసుకోవచ్చు, బీము ఒప్పుకున్నదే బండిలోకి వస్తుంది. ఈ ఇరుకే నాకు ఈ వ్యాపకంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

మోటారు బరువు లేకుండా నిమిషానికి సుమారు 400 సార్లు తిరుగుతుంది. దాన్ని నేరుగా చక్రానికి తగిలిస్తే చుట్టుకొలత 136 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉన్న ఈ టైరు నిమిషానికి 54 మీటర్లు పోవాలి, కానీ అంత బలం మోటారుకు లేదు కనుక బండి కదలకుండా నిలబడి ముక్కుతుంది. అందుకని మొదట 8 పళ్ల గేరుతో 24 పళ్ల గేరును తిప్పించి వేగాన్ని మూడో వంతుకు తగ్గించాను. వెనక ఇరుసు దగ్గర 12 పళ్ల బెవెల్ గేరు (లంబకోణంలో ఉన్న ఇరుసును తిప్పగల ఏటవాలు పళ్ల గేరు) 28 పళ్ల గేరును తిప్పుతుంది. రెండూ కలిపితే మోటారు ఏడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, వేగం నిమిషానికి 7 మీటర్ల పైచిలుకు. ఆటో నడకకు అది నప్పింది.

మొదటిసారి కట్టినప్పుడు వెనక రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించాను. నేరుగా పోయినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. హ్యాండిలు తిప్పితే మాత్రం ముందు చక్రం నున్నటి గచ్చు మీద పక్కకు ఈడ్చుకుపోయిందే తప్ప బండి తిరగలేదు. జంపఖానా మీద అయితే గేర్ల పళ్లు కటకటమంటూ జారాయి. లెక్క వేస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. నా ఆటో వెనక చక్రాల నడుమ దూరం 14 గడులు, అంటే 112 మిల్లీమీటర్లు. బండి కుడికో ఎడమకో లంబకోణం తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కన్నా 176 మిల్లీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. మలుపు ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా ఈ తేడా మారదు. చక్రాల నడుమ దూరాన్ని π (సుమారు 3.14) విలువలో సగంతో హెచ్చిస్తే వచ్చేది అదే. అంటే ప్రతి మలుపులోనూ బయటి చక్రం ఒక చుట్టు పైన ఇంకో మూడో వంతు దాకా అదనంగా తిరగాలి, ఒకే ఇరుసు దాన్ని తిరగనివ్వదు. నాలుగు చక్రాల బొమ్మలో ముందు టైర్లు రెండు కలిసి నేలను పట్టుకుని బండిని ఎలాగో తిప్పుతాయి. ఆటోకు ముందున్నది ఒక్క టైరే, అదీ బరువు తక్కువ మోసేది, కనుక వెనక ఇరుసు మొండితనాన్ని అది గెలవలేదు. దీనికి మందు డిఫరెన్షియల్, అంటే ఒకే మోటారు తిప్పే రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక.

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఉన్న ఈ బొమ్మల కంపెనీ టెక్నిక్ వరుసను 1977లో మొదలుపెట్టింది. ఆ ఏడాది వచ్చిన 853 నంబరు కారు ఛాసిస్‌లో పిస్టన్లు కదిలే ఇంజను, తిరిగే స్టీరింగు ఉన్నాయి కానీ డిఫరెన్షియల్ లేదు. అది 1980లో వచ్చిన 8860 నంబరు ఛాసిస్‌తో చేరింది. నేను వాడినది ఇటీవలి రకం. 28 పళ్లున్న గూడు లోపల మూడు 12 పళ్ల బెవెల్ గేర్లు ఉంటాయి. రెండు అటూ ఇటూ చక్రాల ఇరుసులకు, మూడోది ఆ రెండింటి నడుమ గూడుకే అమర్చి ఉంటుంది. బండి నేరుగా పోతున్నప్పుడు నడిమి గేరు తన చుట్టూ తాను తిరగదు, గూడుతో పాటు ఊరికే ప్రదక్షిణం చేస్తూ రెండు పక్కలనూ సమానంగా తోస్తుంది. మలుపులో ఒక పక్క నెమ్మదిస్తే నడిమి గేరు దొర్లి, అక్కడ తగ్గిన చుట్లను రెండో పక్కకు అప్పగిస్తుంది. గూడు వేగం ఎప్పుడూ రెండు చక్రాల వేగాల సగటు. నమ్మకం కుదరకపోతే ఒక చక్రాన్ని వేలితో ఆపి పట్టుకోండి, రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది.

దాన్ని బిగించాక ఆటో వసారా స్తంభం చుట్టూ చక్కగా తిరిగింది. ఆ సంబరం గడప దగ్గర తీరిపోయింది. ఏటవాలుగా గడప ఎక్కించబోతే ఒక వెనక చక్రం గాలిలోకి లేచి, మోటారు తిప్పినదంతా ఆ చక్రమే తీసుకుని గిరగిరా తిరిగింది. నేల మీదున్నది కదలలేదు. ఇది నా కట్టుబడిలోని లోపం కాదు, డిఫరెన్షియల్ స్వభావమే అంత. వానాకాలం బురదలో ఒక చక్రం దిగబడిన ఆటోను డ్రైవరూ, సవారీలూ దిగి తోయడానికి కారణం కూడా ఇదే.

గడప దాటాలంటే స్ప్రింగులు కావాలి. నిజమైన ఆటోలో వెనక చక్రాలు దేనికది విడిగా పైకీ కిందికీ ఆడతాయి, ఇంజను నుంచి చక్రానికి వెళ్లే ఇరుసులకు అందుకోసం కీళ్లుంటాయి. డిఫరెన్షియల్‌కు రెండు పక్కలా సార్వత్రిక కీళ్లు (ఇరుసు వంగినా తిరుగుడును అందించే కీళ్లు) పెట్టి, వాటి తర్వాత చక్రాన్ని మోసే చేతులు పెట్టేసరికి 16 గడుల వెడల్పు చాలలేదు. 20 గడులకు పెంచితే ఇమిడిపోయేది కానీ అప్పుడది ఆటోలా కాక పొట్టి ట్రాలీలా కనిపించేది. చివరికి మోటారు, గేర్లు, డిఫరెన్షియల్ అన్నిటినీ ఒకే చట్రంలో బిగించి, ఆ చట్రం మొత్తం సీటు ముందున్న ఇరుసు మీద ఊగేలా చేసి, వెనక రెండు స్ప్రింగులు పెట్టాను. మా వీధి చివర ఆటోలు బాగుచేసే మెకానిక్‌కు చూపిస్తే, ఆయన బండిని తిరగేసి చూసి, "జాయింట్లు లేకుండ ఎట్ల నడుస్తది సార్?" అని అడిగారు. చట్రమంతా కలిసి ఊగుతుందని చెప్పాను. "అట్లయితే గిది స్కూటరు" అన్నారు. ఆయన మాట నిజమే, ఇంజను, వెనక చక్రం కలిసి ఊగేది స్కూటర్లోనే. నా ఆటోలో నిజాయితీ లేని భాగం అదొక్కటే. మెత్తగా ఉండే బూడిదరంగు స్ప్రింగులు మోటారు బరువుకే కుంగిపోయాయి కనుక గట్టిగా ఉండే పసుపు స్ప్రింగులు వాడాల్సి వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తీసుకున్నది బ్యాటరీ పెట్టె. మూడు చక్రాల బండి నిలబడేది ఒక త్రిభుజం మీద. బరువు కేంద్రం సరిగ్గా వెనక ఇరుసు మీద ఉంటే, బండి పక్కకు ఒరిగేలోపు దానికి చెరో పక్క 56 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది. అదే కేంద్రం రెండు ఇరుసుల నడిమికి వస్తే ఆ జాగా 28కి పడిపోతుంది. నేను మొదట పెట్టెను డ్రైవరు సీటు కింద దాచాను, రెండో మలుపులోనే ఆటో బోల్తా కొట్టింది. వెనక ఇరుసు పైకి జరిపితే బోల్తా కొట్టలేదు కానీ ముందు చక్రం మీద బరువు లేక హ్యాండిలు తిప్పినా బండి తన దారినే పోయింది. ఒక్కొక్క గడి చొప్పున ముందుకు జరుపుతూ, ప్రతిసారీ స్తంభం చుట్టూ తిప్పి చూస్తూ పోతే వెనక ఇరుసుకు ఏడు గడుల ముందు రెండు బాధలూ సర్దుకున్నాయి.

ఒంటికి పసుపు ముక్కలు, టాపుకు నల్లవి సరిపోయాయి. రివర్స్ లివరు పెట్టడానికి జాగా లేక వదిలేశాను. ముందు అద్దం ఏటవాలు కోసం పైథాగరస్‌ను ఆశ్రయించాను. నిలువునా 12 గడులు, అడ్డంగా 5 గడులు తీసుకుంటే కర్ణం సరిగ్గా 13 గడులు వస్తుంది కనుక బీములు వంగకుండా, పిన్నులు బిగదీయకుండా కూర్చుంటాయి. 12 గడుల దూరానికి 13 రంధ్రాల బీము కావాలి, 13 గడుల దూరానికి 14 రంధ్రాలు కావాలి, అంత బీము లేదు కనుక 15 రంధ్రాలదాన్ని వాడి చివరి రంధ్రాన్ని అద్దం పైన వైపరుకు వదిలాను. ఈ అద్దం, టాపు, ముందు మడ్‌గార్డు కలిసి బరువు కేంద్రాన్ని మళ్లీ ముందుకు లాగాయి. నిన్న రాత్రి టాపు ఊడదీసి బ్యాటరీ పెట్టెను ఇంకో గడి వెనక్కు జరిపాను.