ఆల్టర్నేటరుకు బయటి రెగ్యులేటరు: ముందుగా తేలవలసింది బ్రష్‌ల సంగతి

మా డీజిల్ ఇంజిన్ ఆల్టర్నేటరులో (బ్యాటరీని ఛార్జి చేసే జనరేటరులో) ఉన్న రెగ్యులేటరును (ఛార్జింగు వోల్టేజీని అదుపులో ఉంచే పరికరాన్ని) తీసివేసి, బయట వేరొక రెగ్యులేటరును బిగించే పని పోయిన వారం పూర్తయింది. వైర్లు కలపడానికి ఒక పూట చాలింది గాని, ఏ వైరు ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడానికి మూడు రోజులు పట్టింది.

ఇంత శ్రమ ఎందుకంటే, లోపలి రెగ్యులేటరు ఆల్టర్నేటరు దగ్గరి వోల్టేజీనే చూస్తుంది గాని, బ్యాటరీ దగ్గరి వోల్టేజీని చూడదు. కేబుల్, ఫ్యూజు, లగ్గులు అన్నీ కలిపి 0.01 ఓమ్ నిరోధం ఉన్నా, 50 ఆంపియర్లు పారేటప్పుడు అర వోల్టు దారిలోనే పోతుంది. ఆల్టర్నేటరు 14.2 వోల్టుల దగ్గర తన పని అయిందనుకుంటే, బ్యాటరీకి అందేది 13.7 మాత్రమే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎప్పుడూ అరకొర ఛార్జితోనే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

రెగ్యులేటరు బయటికి వచ్చే కరెంటును నేరుగా అదుపు చేస్తుందని నేను చాలాకాలం అనుకున్నాను. నిజానికి అది అదుపు చేసేది రోటరులోని (ఆల్టర్నేటరులో తిరిగే భాగంలోని) ఫీల్డ్ చుట్టకు వెళ్ళే కరెంటును. 12 వోల్టుల ఆల్టర్నేటర్లలో ఈ చుట్ట నిరోధం సుమారు 3 ఓమ్‌లు ఉంటుంది కనుక, పూర్తిగా తెరిచినా అందులో పారేది 4 ఆంపియర్లే. ఆ నాలుగు ఆంపియర్లు పుట్టించే అయస్కాంత క్షేత్రమే స్టేటరు (తిరగని భాగం) నుండి పదుల ఆంపియర్లను రప్పిస్తుంది. కాబట్టి బయటి రెగ్యులేటరు వైరింగులో లావు కేబుళ్ళ పని ఏమీ లేదు. తిరిగే రోటరును తాకుతూ ఆ చుట్టకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లకు వెళ్ళే రెండు సన్నని వైర్లే అసలు విషయం.

ఆ రెండు బ్రష్‌లలో ఒకటి స్థిరంగా ఒక చోట కలిసి ఉంటుంది, రెండవది రెగ్యులేటరు చేతిలో ఉంటుంది. స్థిరమైన బ్రష్ ఎర్త్‌కు (లోహపు బాడీకి) కలిసి ఉండి, రెగ్యులేటరు రెండవ దానికి పాజిటివ్ అందిస్తే దానిని పీ టైప్ అంటారు. స్థిరమైన బ్రష్ పాజిటివ్‌కు కలిసి ఉండి, రెగ్యులేటరు రెండవ దానిని ఎర్త్‌కు కలుపుతూ విడుస్తూ ఉంటే అది ఎన్ టైప్. పాత రెగ్యులేటరును విప్పకముందే ఇంజిన్ నడుపుతూ, బాడీకి, ఒక్కొక్క బ్రష్‌కు మధ్య వోల్టేజీ కొలిస్తే ఇది తెలిసిపోతుంది: ఒక బ్రష్ దగ్గర సున్నా వస్తే పీ టైప్, ఒక బ్రష్ దగ్గర పూర్తి బ్యాటరీ వోల్టేజీ నిలకడగా వస్తే ఎన్ టైప్. నేను ఈ కొలత తీసుకోకుండానే విప్పేశాను. మాది ఎన్ టైప్ అని, స్థిరమైన బ్రష్ లోపల పాజిటివ్‌కు కలిసి ఉందని తెలియక, పీ టైప్ రెగ్యులేటరును తెచ్చి కలిపాను. చుట్టకు రెండు కొసలా పాజిటివే అందింది కనుక ఫీల్డ్‌లో కరెంటు పారనే లేదు, ఛార్జింగు మొదలవనే లేదు. తప్పు నాదైతే, ఒక పూటంతా కొత్త రెగ్యులేటరునే అనుమానించాను.

మరునాడు ఆల్టర్నేటరు వెనుక మూత తీసి చూస్తే, పాత రెగ్యులేటరుతో ఉన్న సంబంధం తెంచాక రెండు బ్రష్‌లలో ఏదీ బాడీకి గాని, పాజిటివ్‌కు గాని తగలదని తెలిసింది; అంటే ఏ టైపు కావాలో నిర్ణయించుకునే వీలు నాకే ఉంది. నేను పీ టైపునే ఎంచుకున్నాను. ఇంజిన్ అదురుకు ఫీల్డ్ వైరు తొడుగు ఒరుసుకుపోయి లోహానికి తగిలిందనుకుందాం. పీ టైపులో అయితే ఫ్యూజు పోతుంది, ఛార్జింగు ఆగిపోతుంది. ఎన్ టైపులో అదే వైరు బాడీకి తగిలితే రెగ్యులేటరు ప్రమేయం లేకుండానే ఫీల్డ్ పూర్తిగా తెరుచుకుంటుంది, అడ్డూ అదుపూ లేకుండా వోల్టేజీ పెరిగిపోతుంది. ఇంజిన్ చుట్టూ ఉన్న లోహమంతా ఎర్త్ అయినప్పుడు, ఎర్త్‌కు తగిలితే ఆగిపోయే పద్ధతే నయమని నా అభిప్రాయం.

తరువాతిది సెన్స్ వైరు, అంటే బ్యాటరీ దగ్గర వోల్టేజీ ఎంతో రెగ్యులేటరుకు తెలిపే వైరు. దీనిని తప్పనిసరిగా బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కే కలపాలి. దగ్గరలో ఉంది కదా అని ఆల్టర్నేటరు స్టడ్‌కు (కరెంటు బయటికి వచ్చే బోల్టుకు) కలిపితే ఇంత పనీ వృథా. అందులో పారే కరెంటు అతి స్వల్పం గనుక సన్నని వైరు చాలు, బ్యాటరీ పక్కనే చిన్న ఫ్యూజు పెట్టాలి. అయితే ఆ వైరు తెగితే, సాదా రెగ్యులేటర్లలో కొన్ని బ్యాటరీ ఖాళీ అయిందని భ్రమించి ఫీల్డ్‌ను పూర్తిగా తెరిచేస్తాయి. అందుకే సెన్స్ వైరు తెగినట్టు గుర్తించి ఫీల్డ్‌ను ఆపివేసే రకాన్నే కొనాలి. ఇగ్నిషన్ వైరు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: స్విచ్ వేసినప్పుడే రెగ్యులేటరు మేలుకోవాలి, లేకపోతే ఆగి ఉన్న ఇంజిన్ ఫీల్డ్ చుట్ట రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ ఊడదీయకూడదు. రోటరులోని అయస్కాంత క్షేత్రం ఒక్క క్షణంలో చల్లారదు గనుక, భారం పోయిన వెంటనే వోల్టేజీ పదుల వోల్టులకు ఎగసి డయోడ్లను కాల్చేస్తుంది. లిథియం బ్యాటరీ వాడేవారికి ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే అందులోని రక్షణ సర్క్యూట్ తనంతట తానే బ్యాటరీని విడదీయగలదు. విడదీసే ముందే రెగ్యులేటరుకు సంకేతం వెళ్ళి ఫీల్డ్ ఆగేటట్లు ఏర్పాటు ఉండాలి. లిథియం గంటల తరబడి ఆల్టర్నేటరు నుండి పూర్తి కరెంటు లాగగలదు, తక్కువ వేగంలో ఫ్యాను గాలి చాలదు, కాబట్టి ఆల్టర్నేటరు ఒంటి మీద ఉష్ణోగ్రత సెన్సరు కూడా అవసరమవుతుంది. నాది లెడ్ యాసిడ్ గనుక సెన్సరును బ్యాటరీకే అంటించాను. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.02 నుండి 0.03 వోల్టుల చొప్పున ఛార్జింగు వోల్టేజీ తగ్గాలి.

అన్నీ బిగించి ఇంజిన్ నడిపాక ఆల్టర్నేటరు స్టడ్ దగ్గర మీటరు 14.9 వోల్టులు చూపేసరికి గుండె ఝల్లుమంది. బ్యాటరీ దగ్గర కొలిస్తే సరిగ్గా 14.4 ఉంది. ఛార్జింగు కరెంటు తగ్గేకొద్దీ ఆ అర వోల్టు తేడా కరిగిపోతూ వచ్చి, ఫ్లోట్ దశకు (నిండిన బ్యాటరీని తక్కువ వోల్టేజీతో నిలిపి ఉంచే దశకు) చేరేసరికి రెండు చోట్లా 13.5 వచ్చింది.