పెళ్ళయి వెళ్ళిన వాళ్ళ లెక్క

మన కాలేజీ పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని మన గ్రూపులో మెసేజ్ పెట్టినప్పుడు, హాస్టల్ మెస్ పప్పుచారు గురించి, రాత్రిపూట కరెంటు పోతే చేసిన అల్లరి గురించి రాసేవాళ్ళు బోలెడంత మంది ఉంటారులే అనుకున్నాను. అందుకే అవి వదిలేసి, పాలెంలో రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా అయ్యాక నేను పడ్డ పని గురించి రాస్తున్నా. ఆ పనిలో నన్ను ఆదుకున్నది చాలావరకు మన ఫారంలో మడుల మధ్య నేర్చుకున్నదే.

నాకు ఉద్యోగం దొరికింది ఒక స్వచ్ఛంద సంస్థలో. అచ్చంపేట, దేవరకొండ వైపు ఊళ్ళలో, తండాల్లో 18 నుంచి 30 ఏళ్ళ వాళ్ళను పోగు చేసి ఆహార భద్రత మీద శిక్షణ ఇప్పించాలి. అప్పటికే జాతీయ ఆహార భద్రత మిషన్ నడుస్తోంది. అది 2007లో మొదలైంది, 2011-12 కల్లా దేశంలో వరి కోటి టన్నులు, గోధుమ 80 లక్షల టన్నులు, పప్పుధాన్యాలు 20 లక్షల టన్నులు అదనంగా పండాలని లక్ష్యం పెట్టుకున్నారు. మన దిక్కు చెల్క భూములకు వచ్చేసరికి అదంతా కంది మినీకిట్లు (చిన్న విత్తన సంచులు), పొలంబడులు (పొలంలోనే రైతులకు పాఠాలు), సబ్సిడీ స్ప్రేయర్లుగా కనపడేది.

ఊళ్ళో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తుండ్రు గదా సారు, ఇంకేం భద్రత?" 2008లో ఆ బియ్యం మళ్ళీ మొదలయ్యాయి, 2011 నవంబరులో రూపాయికి దిగాయి, ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ అడిగిన మనిషి ఇంట్లోనే చూస్తే బియ్యం ఉంటాయి, పప్పు ఉండదు. వెనుక జొన్న, కంది కలిపి వేసిన చెల్కలో ఇప్పుడు పత్తి ఉంటుంది. గట్క, జొన్నరొట్టె తిన్న ముసలివాళ్ళు పళ్ళెంలో తెల్లన్నం పెట్టుకుని పచ్చడి కోసం చూస్తుంటారు.

అబ్బాయిలు శిక్షణకు వచ్చేవాళ్ళు, కాదనను. మధ్యాహ్న భోజనం, బస్సు చార్జీ, చివర్లో ఫొటోతో సర్టిఫికెట్. కానీ బయట కూలీలను వలస తీసుకుపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు పట్టుకుని తిరుగుతుంటే, దసరా దాటిందో లేదో సగం మంది ముంబై బస్సెక్కేవాళ్ళు, మిగిలిన వాళ్ళలో కొందరు హైదరాబాద్‌లో ఆటోకో సెక్యూరిటీ పనికో పోయేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టలేం. మేం నేర్పిన దానితో నెలకెంత వస్తుందని అడిగితే మా దగ్గర జవాబు లేదు. హాల్లో ప్రొజెక్టర్ పెట్టి "యువత సాధికారత" అని స్లైడ్లు వేసిన రోజుల్లో, వెనక బెంచీలో నిద్రపోయినవాడే తెలివైనవాడని నాకిప్పటికీ అనిపిస్తుంది.

స్లైడ్లు పక్కన పెట్టి మొలక పరీక్ష మొదలుపెట్టాక సంగతి మారింది. మీకు గుర్తుండే ఉంటుంది, ల్యాబ్‌లో నాలుగు వందల గింజలను నూరేసి చొప్పున లెక్కపెట్టించి, ఒకటి తక్కువైనా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టించేవారు మన సార్. ఊళ్ళో అంత అక్కరలేదు. తడిపిన గోనెసంచి మీద పది వరసలు, వరసకు పది గింజలు పేర్చి, చుట్టగా చుట్టి, నీడన పెట్టి, ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ వారం తర్వాత విప్పి చూడటమే. సర్టిఫైడ్ విత్తనానికి వరిలో 80 శాతం, కందిలో 75, పల్లిలో 70 మొలవాలని నిబంధన. ఇంట్లో దాచుకున్న పల్లి గింజలు యాభై కూడా మొలవకపోతే, అది విత్తే ముందే తెలిస్తే, ఎకరాకు 60 కిలోల పైచిలుకు గింజ మట్టిలో పోయకుండా ఆగుతారు. ఆ లెక్క రైతుకు వెంటనే అర్థమవుతుంది, దానికి ఏ స్లైడూ అక్కరలేదు.

ఆ తర్వాత విత్తనశుద్ధి. ముందు బూజు మందు, పల్లికైతే కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్, పైపొర ఊడిపోకుండా మెల్లగా కలిపి నీడన ఆరబెట్టాలి. పప్పుజాతి పంటల వేర్లకు మేలు చేసే బ్యాక్టీరియా, రైజోబియం మాత్రం చిట్టచివర, విత్తే ముందు. వరస తప్పి రెండూ ఒకేసారి కలిపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, డబ్బు దండగ. ఈ వరస నోటికి వచ్చిన పిల్లలు వానాకాలం మొదట్లో ఊళ్ళో డాక్టర్లలాగా తిరిగారు. కొందరికి రైతులు కూలి కూడా కట్టిచ్చారు. విత్తన గ్రామ పథకంలో చేరిన చోట పాలెం కంది, అంటే మన పిఆర్‌జి 158, పూతకొచ్చినప్పుడు కేళీలు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, ఏరే పనికి వీళ్ళనే పిలిచేవాళ్ళు.

వీళ్ళంటే ఎక్కువగా ఆడపిల్లలు. అసలు నేను చెప్పాలనుకున్నది వీళ్ళ గురించే.

ఇంటర్‌తో చదువు ఆపి ఇంట్లో ఉన్న పిల్లలు. తల్లి మహిళా సంఘంలో ఉంటే బిడ్డను పంపించేది, నాన్నలు రెండు రోజులు గునిగి ఊరుకునేవాళ్ళు. గింజలు లెక్కపెట్టడంలో, రాసి పెట్టుకోవడంలో అబ్బాయిల కన్నా వీళ్ళే నయం. కందులకు ఎర్రమట్టి పూసి ఎండబెట్టి దాచే పద్ధతి మేం నేర్పాల్సిన పనే లేకుండా అమ్మమ్మల దగ్గర్నుంచి తెచ్చి మాకే చెప్పారు. తీరా ఒకటి రెండేళ్ళు కాగానే సంబంధం కుదిరి వెళ్ళిపోయేవాళ్ళు.

వెళ్ళిపోగానే మా రిజిస్టర్‌లో ఆ పేరు ఎదురుగా "డ్రాపౌట్" అని రాయాలి. పైనుంచి వచ్చిన ఫార్మాట్ అలా ఉండేది: శిక్షణ పొందినవారు ఇంతమంది, అదే గ్రామంలో కొనసాగుతున్నవారు ఇంతమంది. రివ్యూ మీటింగ్‌లో ఒక పెద్దాయన నేరుగా అనేశారు, పెళ్ళికాని ఆడపిల్లలను తీసుకోవద్దు, పెట్టిన ఖర్చు వృథా అని. ఎవరూ ఎదురు చెప్పలేదు. టీ వచ్చింది, మాట మారింది.

నాకు మాత్రం అప్పుడూ అది వృథా అనిపించలేదు, ఇప్పుడైతే అసలు అనిపించదు. దేవరకొండ దగ్గరి తండా నుంచి ఒక పిల్ల కల్వకుర్తి వైపు ఊరికి కోడలిగా వెళ్ళింది. మృగశిర కార్తె ముందు ఫోన్: "అన్నా, మా మామ రైజోబియం ముందే కలుపుతా అంటుండు, జర నువ్వు చెప్పు." ఆయన ఫోన్ తీసుకుని నాతో వాదించాడు, చివరికి "సరే తీయ్, కోడలు మాటే కానీ" అన్నాడు. ఆ మరుసటి ఏడు అదే ఫోన్ నుంచి ఆ ఊళ్ళోని వేరే రైతు మాట్లాడాడు, ఇంట్లో దాచిన విత్తనం చుట్టలో అరవైకి మించి మొలవలేదు, ఏం చేయమంటారని. మేం ఎన్నడూ అడుగు పెట్టని ఊరది. మా రిజిస్టర్‌లో ఆ ఊరి పేరే లేదు. ఇట్లా ఎంతమంది ఎన్ని ఊళ్ళకు పోయారో ఎవరూ లెక్క తీయలేదు, ఎందుకంటే ఫార్మాట్‌లో ఆ గడి లేదు.

మన బ్యాచ్‌లో, మన ముందు వెనక బ్యాచ్‌లలో చాలా మంది ఇప్పుడు వ్యవసాయ విస్తరణ అధికారులు. ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, తెలంగాణ మొత్తం మీద 2,601 రైతు వేదికలు (రైతుల మీటింగ్ హాళ్ళు), ఒక్కోదానికి ఒకరు. మైకులు, కుర్చీలు అన్నీ ఉన్నాయి. మీకు నాదొక విన్నపం, పని ఒత్తిడి ఎంత ఉంటుందో తెలిసే అడుగుతున్నా. వానాకాలం మీటింగ్‌కు రైతుల పేర్లు రాసుకునేటప్పుడు ఊళ్ళో కొత్తగా వచ్చిన కోడళ్ళలో ఎవరైనా పుట్టింటి దగ్గర ఇలాంటి శిక్షణ తీసుకున్నారేమో ఆశా వర్కర్‌నో సంఘం లీడర్‌నో అడగండి. దొరికితే మొలక పరీక్ష వాళ్ళ చేతే చేయించండి. పట్టా వాళ్ళ పేరు మీద ఉండదు కాబట్టి మీ జాబితాలో వాళ్ళు రారు, మీరే పిలవాలి. గోనెసంచులు నేను పంపిస్తాను, నా నంబర్ మన గ్రూపులో ఉంది.