'ఙ'తో పేరు

పొద్దున్న విశాఖపట్నంలో బస్సెక్కి తొమ్మిదిన్నరకి శ్రీకాకుళం ఇంటికి చేరాను. గుమ్మంలో చెప్పులు కూడా విప్పలేదు, తమ్ముడు ఎదురొచ్చి "అక్కా, 'ఙ'తో ఏదైనా ఆడపిల్ల పేరు చెప్పు" అన్నాడు. నాకు 'గ' అని వినపడింది. గాయత్రి, గీతిక, గౌతమి అని గడగడా చెప్పేశాను. "గ కాదే, క ఖ గ ఘ తరవాతది" అన్నాడు నీరసంగా.

తమ్ముడి పాపకి ఇవాళ్టికి 13 రోజులు. 21వ రోజున బారసాల. నిన్న రాత్రి పంతులుగారు లెక్క కట్టి, ఆర్ద్రా నక్షత్రం మూడో పాదం అని తేల్చారట. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగేసి పాదాలు, మొత్తం 108 పాదాలకి 108 అక్షరాలు. ఆర్ద్రకి కూ, ఘ, ఙ, ఛ. పాదం అంటే సుమారు ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లోనే పుట్టాలని మా పిల్ల పట్టుబట్టింది.

"ఇంకాస్త ముందు పుట్టుంటే 'ఘ' వచ్చేది" అన్నాడు నాన్న, కాఫీ చల్లార్చుకుంటూ.

"ఘ వస్తే మాత్రం ఏం పెడతాం మావయ్యా, ఘటోత్కచుడి చెల్లెలనా?" అంది మరదలు గదిలోంచి.

నాన్న ముప్ఫై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పాడు. ఆయనకి 'ఙ' సంగతి చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే. గ కి గంప, ఘ కి ఘటం బొమ్మ వేసి, 'ఙ' దగ్గరికి వచ్చేసరికి బొమ్మ లేక 'వాఙ్మయం' అని రాసి వదిలేసేవారట పిల్లల పుస్తకాల్లో. "అయితే వాఙ్మయి అని పెట్టెయ్యండి. మొదట లేకపోతేనేం, మధ్యలో ఉందిగా" అన్నాడు. పేరు బాగానే ఉంది, నిజానికి నాకు నచ్చింది కూడా. తమ్ముడు వెంటనే ఫోన్లో ఇంగ్లీషులో కొట్టి చూపించాడు. వాంగ్ మై. నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, ఫోన్ తిరిగిచ్చేశాడు.

చివరికి పంతులుగారికే ఫోన్ చేస్తే ఆయన నవ్వేశారు. "ఙ తో పేరెక్కడొస్తుంది బాబూ! మిథున రాశి అక్షరాల్లో ఏదైనా పెట్టుకోండి. కా, కీ, కూ, ఘ, ఛ, కే, కో, హా." నిన్ననే ఆ ముక్క చెప్పుంటే తమ్ముడికి రాత్రి నిద్రయినా పట్టేది. అయినా దాంతో టెన్షన్ ఏమీ తగ్గలేదు. ఒక్క పేరూ దొరక్క ఏడ్చినవాళ్ళం, ఇప్పుడు పేర్లు ఎక్కువై ఏడుస్తున్నాం.

కరెంటు బిల్లు వెనకాల తమ్ముడు రాసుకొచ్చిన వరస ఇది: కైరా, కియాన్షి, హాన్వి, కాయ్రా. అన్నీ రెండు మూడక్షరాలే. నాన్న ఒక్కోదానికి అర్థం అడిగాడు. తమ్ముడు ఫోన్ చూసి "దేవుడి కానుక" అన్నాడు. రెండోదానికీ దేవుడి కానుకే. మూడోది కూడా. "మరి ఆయన ఇంకేమీ ఇవ్వట్లేదేమిట్రా" అన్నాడు నాన్న.

తమ్ముడి బాధ నాకు తెలుసు. వాడి పూర్తి పేరు వెంకట అప్పల నరసింహమూర్తి. ఇంటి పేరు ముందు. టెన్త్ సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్లో ఒకలా, పాన్ కార్డులో పొడి అక్షరాలతో ఇంకోలా. ఆఫీసులో అమెరికా వాళ్ళు వాణ్ణి ఇంటి పేరుతో పిలుస్తారు, ఆరేళ్ళుగా పలుకుతున్నాడు పాపం. అందుకే కూతురికి ఏ ఫారం డబ్బాలో అయినా పట్టే పేరు కావాలంటాడు. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్ళకి బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. నాన్నకైతే పుట్టినరోజు జూలై 1. బళ్ళో చేర్చిన రోజు హెడ్మాస్టరు వేసిన తేదీ అది. అసలు తేదీ మామ్మకి తెలుసు, కానీ అది 'పెద్ద గాలివాన వెళ్ళిన మూడో వారం' అనే లెక్కలో ఉండేది.

"పేరుకి అంత కంగారేం లేదురా, పుట్టుక 21 రోజుల్లో నమోదైతే చాలు. పేరు ఏడాదిలోపు ఎప్పుడిచ్చినా డబ్బు కట్టక్కర్లేకుండా ఎక్కిస్తారు" అని నేను చెబితే, ఏడాది పాటు ఈ చర్చ సాగుతుందన్న ఊహకే మరదలు దణ్ణం పెట్టింది.

నాన్న మనసులో ఏముందో పొద్దుటి నుంచీ అందరికీ తెలుసు. సూటిగా అడగడు. పేపరు తిరగేస్తూ, "మా అమ్మ పేరొకటి ఉండనే ఉంది" అని పేపరుకే చెప్పాడు.

మామ్మ పేరు అప్పలనరసమ్మ. సింహాచలం అప్పన్నకి మొక్కుకుంటే పుట్టిందట. మా వైపు బడి హాజరు పట్టీ నిండా ఆయనే. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలకొండ, సింహాచలం. నాన్న క్లాసులో ఒక ఏడాది నలుగురు అప్పలరాజులుండేవారట, ఒకటో అప్పలరాజు, రెండో అప్పలరాజు అని పిలిచేవాడు. విజయనగరం వైపు వెళ్తే పైడిరాజు, పైడితల్లి. అన్నవరం చుట్టుపక్కల సత్యనారాయణ, సత్యవతి. కోటప్పకొండ దగ్గర కోటయ్య, కోటేశ్వరరావు. నెల్లూరు వైపు పెంచలయ్య. హైదరాబాద్‌లో నా హాస్టల్ స్నేహితురాలి ఇంట్లో వాళ్ళ నాన్న యాదగిరి, పెదనాన్న కొమురయ్య, మేనమామ రాజేశం. మూడు గుళ్ళు ఒకే ఇంట్లో. పేరు వింటే ఏ బస్సు ఎక్కాలో తెలిసేది. కైరా అంటే ఎక్కడ దిగాలి?

అలాగని పాత పేర్లన్నీ గొప్పవని నేను అనను. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, దిష్టి తగలకూడదని బిడ్డని పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అని, ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టి పుల్లయ్య అని పెట్టేవాళ్ళు. ఆ పేర్ల వెనక ఎంతమంది పోయారో. అవి పోవడమే మంచిదయింది.

"అత్తయ్యగారి అత్తగారి పేరు పెట్టి, 'ఒసేయ్ అప్పలనరసమ్మా, పాలు తాగవే' అని ఎలా అంటాను వదినా?" అంది మరదలు నాతో, మెల్లిగా. అందుకే కదా వెనకటి కోడళ్ళు బుజ్జి, చిన్ని, అమ్మడు అని పిలిచేవాళ్ళు. పెద్దల పేరు బియ్యంలో, ముద్దు పేరు నోట్లో. మేనల్లుడికి ఈ గొడవేం పట్టలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే చెల్లెలికి లడ్డూ అని పేరు పెట్టేసి తన పని ముగించుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను 'ఛాయ' అన్నాను. ఎలా తట్టిందో మరి. ఆర్ద్ర అక్షరమే. రెండే అక్షరాలు, తమ్ముడి డబ్బాలో పడుతుంది. పైగా అరసవల్లి మా ఊరిని ఆనుకునే ఉంది. గర్భగుడిలో సూర్యనారాయణస్వామికి పక్కన పద్మ, ఉష, ఛాయ ముగ్గురూ ఉంటారు. ఉషలు, పద్మలు మా వీధిలో డజను మంది. ఛాయ ఒక్కత్తీ లేదు.

ఎందుకు లేదో పది నిమిషాల్లో తెలిసింది.

అమ్మ: "శని తల్లి పేరే అది! కావాలని ఎవరైనా పెట్టుకుంటారా?"

తమ్ముడు: "హైదరాబాద్ బళ్ళో వేస్తే చాయ్, చాయ్ అని ఏడిపిస్తారు. ఇరానీ అని ఇంకోడు తగులుకుంటాడు."

పాపని చూడ్డానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు ఏమీ అనలేదు. పాప చెవి అంచు మడిచి చూసింది. చెవి అంచు ఏ రంగుంటే పెద్దయ్యాక పిల్ల ఆ రంగుకొస్తుందని లెక్క. చూసి, "ఛాయ తక్కువైతే మాత్రం పేరుకి తగ్గట్టుందే అంటారమ్మా" అని టీ తాగి వెళ్ళిపోయింది. పుట్టి రెండు వారాలు కాలేదు, అప్పుడే రంగు పంచాయితీ. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట మీద పంతానికైనా ఈ పేరే పెట్టాలనిపించింది.

అప్పుడు మరదలు, పాపని భుజం మీద వేసుకుని తేన్పు కోసం వీపు తడుతూ, "నాకు నచ్చింది" అంది. అందరం ఆగిపోయాం. పొద్దుటి నుంచీ పంతులుగారిని అడిగాం, ఫోన్‌ని అడిగాం, నాన్న అలకని అడిగాం. కన్నదాన్ని ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు. "ఎండలో నడిచొచ్చినవాళ్ళకి ఛాయ అంటే ఏంటో తెలుస్తుంది అత్తయ్యా" అంది అమ్మతో. అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్ళి పాపకి సాంబ్రాణి వెయ్యడానికి నిప్పులు చూసుకుంది. అంటే ఒప్పుకున్నట్టా, కాదా అన్నది రేపు తెలుస్తుంది.

సాయంత్రం నాన్న ఒక మధ్యేమార్గం తెచ్చాడు. బారసాలలో ఒక్క పేరే రాయాలని ఎక్కడా లేదట. మాస నామం ఒకటి, నక్షత్ర నామం ఒకటి, పిలుచుకునే పేరు ఒకటి. "మున్సిపాలిటీ కాయితంలో ఒక్క గడే ఉంటుంది. పళ్ళెంలో బోలెడు చోటు" అన్నాడు. అమ్మ పేరు ఓ వరసలో తను రాస్తాడట, ఉంగరం పట్టుకుని. తమ్ముడు సరేనన్నాడు. అయితే పెద్ద పళ్ళెం కావాలి మరి.

అటక మీద నుంచి మామ్మ ఇత్తడి పళ్ళెం దింపించాను. నల్లగా కమిలిపోయి ఉంది. పెరట్లో పీట వేసుకుని చింతపండు పెట్టి తోముతుంటే అంచు మీద చుక్కల అక్షరాలు బయటపడ్డాయి. 'అప్లనర్సమ్మ'. అక్షరానికి ఇంత అని తీసుకునేవాడు కదా గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు, తాతే రెండు మిగిలించి ఉంటాడు.

మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బియ్యం పోస్తే ఈ పేరు మూసుకుపోతుందా వదినా?"

"అంచు మీద కదా. పోదు."

"ఎన్ని బియ్యం పడతాయి?"

"కేజీన్నర పట్టొచ్చు. కాస్త ఆ మగ్గుతో నీళ్ళు పొయ్యి."